వానాకాలం తరగతి

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే మా ఆసుపత్రి వంటగదిలోకి కొత్త యంత్రాలు దిగాయి. బీరువాలంత ఎత్తు, గాజు తలుపులు, తలుపు పక్కన పెద్ద ఫోన్ లాంటి తెర. గుమ్మంలోంచి పట్టకపోతే వెనక గోడ కొట్టి లోపలికి తెచ్చారు. ఆ గోడ మళ్ళీ కట్టేలోగా జల్లు లోపలికి కొట్టింది. ట్రాలీలు తోసే మనిషి గొడుగు పట్టుకుంటే దాని కింద నిలబడి బావ సూప్ కలిపాడు.

"చూశారా, దానికింకా స్విచ్చి కూడా వెయ్యలేదు, అప్పుడే నన్ను వానలోకి గెంటింది" అన్నాడు.

అందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

బావంటే మా అక్క భర్త. అమ్మానాన్నలు పోయాక నన్ను తన ఇంటికి తెచ్చుకుని చదివించిందీ, తను పెద్దవంటవాడిగా ఉన్న ఆ వంటగదిలోనే నన్ను గుమాస్తాగా చేర్పించిందీ ఆయనే. ఏ వార్డుకి ఉప్పు లేనిది వెళ్ళాలి, ఏ వార్డుకి చక్కెర లేనిది వెళ్ళాలి, ఎవరికి మెత్తనిది పెట్టాలి అని చూసి ట్రేలకి చీటీలు అంటించడం నా పని. నేను రోజంతా బావా బావా అని పిలుస్తుంటే విని, వంటగదిలో అందరికీ ఆయన బావ అయిపోయాడు. కూరగాయలు తరిగే కూరగాయలమ్మకి ఆయనకంటే కనీసం పదేళ్ళు ఎక్కువ. ఆవిడ కూడా "బావా, ఈ క్యారెట్లు చాలా?" అనే అడిగేది.

మేనేజరుగారు మమ్మల్నందర్నీ యంత్రాల ముందు నిలబెట్టి, పైనుంచి వచ్చిన మాటలు చదివి వినిపించారు. నేర్చుకునే ఉద్యోగి సంతోషంగా ఉంటాడట, సంతోషంగా ఉన్నవాడు బాగా పనిచేస్తాడట. ఆ పక్కనే, గుమ్మం దగ్గర, మూడు మొహాల బొమ్మలున్న చిన్న పెట్టె ఒకటి బిగించారు. ఇంటికెళ్ళేటప్పుడు నవ్వే మొహమో, మామూలు మొహమో, ఏడ్చే మొహమో నొక్కి వెళ్ళాలి. చివర్లో మేనేజరుగారు కాగితం మడిచి అసలు మాట చెప్పారు.

"వానలు వెనకబట్టగానే పాత గుండిగలు తీసేస్తారు. యంత్రం మీద పరీక్ష పాసైనవాళ్ళే ఇక వంట దగ్గర ఉంటారు. క్లాసులు డ్యూటీ అయ్యాక."

ఆ రోజు వెళ్తూ బావ నవ్వే మొహాన్ని టకటకా నొక్కుతూనే ఉన్నాడు.

"అన్నిసార్లెందుకు బావా?"

"నవ్వేదాన్ని నొక్కితే ఏం పోయింది? ఏడ్చేదాన్ని నొక్కితే ఎవరొస్తారు తుడవడానికి?"

కంప్యూటరు వచ్చని శిక్షణకి నన్ను పెద్దాఫీసుకి పంపారు. నిజం చెప్పాలంటే, ఆ రోజులు నాకు ఎంతో నచ్చాయి. ఏ వంటకం ఎంత వేడిలో ఉడకాలి, ఎంత తొందరగా చల్లారాలి, చల్లారకపోతే అందులో ఏం పుడుతుంది, ఇవన్నీ ఒకాయన ఓపిగ్గా చెప్పేవాడు. ఇన్నేళ్ళూ చీటీలు అంటించిన ట్రేల వెనక ఇంత సంగతి ఉందా అనిపించేది. తిరిగి వచ్చాక అదే పాఠం మా వాళ్ళకి నేను చెప్పాలన్నారు. గర్వపడ్డాను. బావ నాకంటే ఎక్కువ గర్వపడ్డాడు. పక్కింటివాళ్ళని ఆపి మరీ చెప్పాడు.

మొదటి క్లాసుకి ఆయనే ముందొచ్చి కూర్చున్నాడు.

"భోంచేశాక మనిషికి కావలసింది మంచం. నువ్వు బల్ల చూపిస్తున్నావు" అన్నాడు ఆవలిస్తూ.

"ముందు వార్డు ఎంచుకో బావా. తర్వాత వంటకం. తర్వాత బరువు. అప్పుడు ఉప్పు వెయ్యాలా వద్దా అని అడుగుతుంది. జవాబు చెప్తేగాని ముందుకి కదలదు."

"అచ్చం మీ అక్కే."

అందరూ నవ్వారు. ఆయన వేలు తెర మీద పెట్టాడు. తెర పలకలేదు. తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. ఏళ్ళ తరబడి ఆవిరిలో నాని, కాలి, మొద్దుబారిన వేళ్ళు ఆయనవి. నేను నొక్కగానే పలికింది.

"ఇది నన్ను గుర్తుపట్టడం లేదే" అన్నాడు, వేలు కళ్ళ ముందు పెట్టుకుని చూసుకుంటూ.

బావ డ్యూటీ తెల్లవారకముందే మొదలై, మధ్యాహ్నం భోజనాలు పైకి వెళ్ళిపోగానే అయిపోయేది. అక్క బట్టల దుకాణంలో కుట్టుపని చేసేది, చీకటి పడితేగాని వచ్చేది కాదు. అందుకని వాళ్ళమ్మాయి చిట్టిని బడి నుంచి తేవడం, జడలు విప్పడం, లెక్కలు చేయించడం అన్నీ బావవే. క్లాసులు మొదలయ్యాక ఆ పూట ఊడిపోయింది. కొన్నాళ్ళు చిట్టి బడి నుంచి నేరుగా వంటగది వెనక గుమ్మానికి వచ్చి, బోర్లించిన పాల డబ్బా మీద కూర్చుని మా పాఠం వినేది. చిన్నపిల్లలు ఇక్కడ ఉండకూడదని, రోగాలంటుకుంటాయని పైనుంచి ఎవరో వచ్చి చెప్పారు. వాళ్ళన్నదీ నిజమే. దాంతో అక్క ఇంటి తాళంచెవి తాడుకి కట్టి పిల్ల మెళ్ళో వేసింది.

బావ రోజూ భోజనాల దగ్గర చిట్టికి కథ చెప్పేవాడు. అప్పుడు నడుస్తున్నది ఏనుగుకి పళ్ళు తోమే ఉద్యోగం సంపాదించిన చీమ కథ. నెలలుగా సాగుతోంది. ఒక సాయంత్రం ముద్ద చేతిలో పట్టుకుని మొదలుపెట్టాడు.

"...అలా చీమగారు బ్రష్షు భుజాన వేసుకుని దంతం మీదికి ఎక్కిందమ్మా..."

అంతే. గడ్డం గుండెల మీదికి వాలిపోయింది.

"తర్వాత?" అంది చిట్టి. "నాన్నా, తర్వాత?"

అక్క నెమ్మదిగా ఆయన చేతిలోని ముద్ద తీసి కంచంలో పెట్టింది. చిట్టి కాసేపు చూసింది.

"పడిపోయింది. అంతే" అని తనే కథ ముగించి, కంచం తీసుకుని లేచింది.

మర్నాడు మేనేజరుగారి గదికి వెళ్ళాను. ఆయన భోజనం డబ్బా మూత తియ్యకుండా బల్ల మీదే ఉంది. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ మాట ముందే చెప్పాలి.

"సార్, క్లాసు డ్యూటీలోనే పెడదాం. పొద్దున ట్రేలు వెళ్ళాక కాస్త తెరిపి ఉంటుంది. అప్పుడైతే అందరికీ ఒంట్లో ఓపిక ఉంటుంది. ఇప్పుడు చెప్పేది చెవిన పడటం లేదు సార్, ముందు కునుకు పడుతోంది."

ఆయన కంప్యూటరు నా వైపు తిప్పారు.

"నాకూ రోజూ ఒక పాఠం వస్తుందమ్మా. నిన్నటి పాఠం, పనికీ ఇంటికీ సమతూకం ఎలా పాటించాలని. ఇంటికెళ్ళాక, పిల్లలు పడుకున్నాక చూశాను." నవ్వారు. తర్వాత, "సరే, పెట్టుకో. నేను చూసుకుంటాను" అన్నారు.

ఆ కాలమంతటిలో నాకు తీపిగా మిగిలింది ఆ ఒక్క వారమే. పొద్దున పూట, మొహాలు కడుక్కున్నట్టు తాజాగా ఉన్న మనుషులకి చెప్తే అదే పాఠం ఇట్టే ఎక్కింది. కూరగాయలమ్మ యంత్రానికి దండం పెట్టి మరీ నొక్కేది. తెర పలకాలంటే వేలిని పొడిగుడ్డతో తుడిచి, కొనతో కాకుండా వేలి పక్కతో తాకాలని బావ తనంతట తనే కనిపెట్టాడు. తన చేత్తో మొదటి సూప్ దించిన రోజున తెర మీద పచ్చగా టిక్కు పడింది. "రండి రండి, పాసయ్యాను" అని అందర్నీ కేకేసి చూపించాడు. తప్పట్లు కొట్టాం. ఆ మధ్యాహ్నం ప్లాస్టిక్ పట్టా కప్పుకుని బడికెళ్ళి, చిట్టిని వీపున ఎక్కించుకుని వచ్చాడు. సాయంత్రం అక్క ముందు నిలబడి, యంత్రంలా గొంతు మార్చి, "ఉప్పు వెయ్యాలా, వద్దా?" అంటూ వెంటపడ్డాడు. అక్క గరిటె ఎత్తింది.

ఆ వారంలో పరీక్ష పెట్టి ఉంటే ఆయన తప్పకుండా పాసయ్యేవాడు. ఇప్పటికీ నాకు అదే అనిపిస్తుంది.

తర్వాత జ్వరాలు వచ్చిపడ్డాయి. వార్డులు నిండి, నడవాల్లో మంచాలు వేశారు. ట్రేలు రెట్టింపయ్యాయి. వంటవాళ్ళలోనే కొందరు జ్వరంతో పడ్డారు. మిగిలినవాళ్ళు వాళ్ళ పని కూడా నెత్తినేసుకున్నారు. పొద్దున తెరిపి అన్నమాటే లేదు. మేనేజరుగారు తనే కిందికి వచ్చి, ఒక ట్రాలీ తోసి, వెళ్ళబోతూ నాతో అన్నారు.

"క్లాసు మళ్ళీ డ్యూటీ తర్వాతే అమ్మా. వేరే దారి లేదు."

"అసలు ఆపేద్దాం సార్. జ్వరాలు తగ్గాక మొదలుపెడదాం."

"పరీక్ష రోజు మార్చమని అడిగాను. కుదరదన్నారు." ఆగి, "మళ్ళీ అడిగాను" అన్నారు.

అంతకుమించి ఆయన్నేమనను? క్లాసు పెట్టాను. నిలబడి చెప్పేది నేను, నిలువునా తూలేది వాళ్ళు. బావ కళ్ళు తెర మీదే ఉండేవి, చూపు మాత్రం ఎటో ఉండేది. నేర్చుకున్నదంతా చేతిలోంచి నీళ్ళు జారినట్టు జారిపోయింది. వార్డు ఎంచుకోవడం దగ్గరే మొదటికొచ్చేవాడు. జోకులు తగ్గాయి. ఒకరోజు చిట్టి పేరు పిలవబోయి నా పేరు పిలిచాడు. ఇంకోరోజు చెప్పుల బదులు వంటగది బూట్లతోనే ఇల్లు చేరాడు. అక్క నావైపు చూసింది. నేను ఆ బూట్లు తీసి గుమ్మం పక్కన పెట్టాను.

అప్పుడే జరిగింది. ఒక గుండిగ అందరికీ, పక్కది ఉప్పు పడనివాళ్ళకి. ఆయన రెండింట్లోనూ ఉప్పు వేశాడు. ఏళ్ళ తరబడి ఒక్కనాడూ జరగనిది.

గుండెజబ్బుల వార్డు నర్సమ్మ ఫోన్ చేసింది. "మీ ఉప్పు లేని సూప్‌లో ఉప్పుంది. నేను రుచి చూశాను."

మెట్లమీద పరుగెత్తాను. రోగుల చేతుల్లోంచి గిన్నెలు లాక్కున్నాం. చాలామంది అప్పటికింకా మొదలుపెట్టలేదు. మూల మంచం మీది ముసలాయన మాత్రం ఆకలిమీదున్నాడేమో, గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకుంటున్నాడు. "ఇవాళ కాస్త రుచిగా ఉందమ్మా" అన్నాడు నాతో.

సాయంత్రానికి ఆయన కాళ్ళు ఉబ్బాయి. ఆయాసం వచ్చింది. ముక్కుకి గొట్టం పెట్టారు.

బావకి చెప్తే, "ఏ మంచం?" అని ఒక్కమాట అడిగాడు. ఆప్రాన్ విప్పకుండానే పైకెళ్ళి వార్డు అద్దం బయట నిలబడ్డాడు. ఆ తర్వాత ముసలాయన ఇంటికెళ్ళేదాకా రోజూ డ్యూటీ అవగానే వెళ్ళి అక్కడే నిలబడేవాడు. లోపలికి వెళ్ళేవాడు కాదు. ముసలాయన కోలుకున్నాడు. కొడుకు చెయ్యి పట్టుకుని బయటికొస్తూ, బావ ఎవరో తెలియక, "లిఫ్టు ఎటు బాబూ?" అని అడిగాడట. బావ దగ్గరుండి ఎక్కించి వచ్చాడట. ఇది నాకు నర్సమ్మ చెప్పింది, బావ చెప్పలేదు.

మేనేజరుగారు మా ఇద్దర్నీ పిలిచారు. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది.

"పైవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి. నిర్లక్ష్యమా, లేకపోతే శిక్షణ సరిగా లేదా? మూడోది వాళ్ళు వినరు."

నిర్లక్ష్యం అంటే బావ ఉద్యోగం పోయినట్టే. నేను వెంటనే అందుకున్నాను. "శిక్షణ సరిపోలేదు సార్. అంత పనిచేసిన మనిషికి ఆ వేళప్పుడు పాఠం చెప్తే ఎలా..."

"మేడమ్ బాగానే చెప్పారండి" అన్నాడు బావ. "నాకే తలకెక్కలేదు."

నన్ను మేడమ్ అన్నాడు కదా, మూతి పక్కన ఎక్కడైనా నవ్వు దాచాడేమోనని చూశాను. లేదు. ఆయన మేనేజరుగారివైపే చూస్తున్నాడు.

"నన్ను అంట్ల దగ్గర వేయించండి సార్. అక్కడ పరీక్ష లేదుగా."

మేనేజరుగారి భుజాలు కిందికి దిగాయి. ఆయనకీ ఒక దారి దొరికింది. అది చూసి కూడా నాకు కోపం రాలేదు. గదిలో ముగ్గురం ఉన్నాం. ముగ్గురిలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

బయటికొచ్చాక "బావా" అన్నాను.

"నేల తడిగా ఉంది. చూసి నడవండి" అని వెళ్ళిపోయాడు.

పాత గుండిగలు తీసుకెళ్ళిన రోజు వాటిని ఆఖరిసారి తోమింది ఆయనే. పరీక్షలు అయ్యాయి. పాసైనవాళ్ళు పాసయ్యారు, లేనివాళ్ళ చోట కొత్తవాళ్ళు వచ్చారు. నన్ను శిక్షణ చూసే ఉద్యోగంలో వేసి, విడిగా బల్లా కుర్చీ ఇచ్చారు. కుర్చీలో కూర్చుంటే అద్దంలోంచి అంట్లు కడిగే చోటు కనిపించేది. రబ్బరు బూట్లు, మోచేతుల దాకా నురగ, వంగిన వీపు. కొత్తవాళ్ళెవరూ ఆయన్ని బావ అనలేదు. వాళ్ళకి ఆయన అంట్లాయన. ఒకరోజు మేనేజరుగారు వచ్చి, మన వంటగది పెట్టెలో నవ్వే మొహాల లెక్క ఒక్కసారిగా పడిపోయింది, కారణమేమిటని పైనుంచి అడుగుతున్నారన్నారు. నేనూ కూరగాయలమ్మా ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

ఇంట్లో మాత్రం, బయటివాళ్ళెవరైనా చూస్తే, అంతా చక్కబడిందనే అనుకుంటారు. బావ వేళకి ఇంటికొస్తున్నాడు. చిట్టిని బడి నుంచి తెస్తున్నాడు. వేళకి పడుకుంటున్నాడు. "పోనీలే, మనిషి ఇంటిపట్టున ఉంటున్నాడు" అని అక్క మొదట్లో సంబరపడింది. కానీ నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన మాట ఆగిపోయేది. నాతో ఏదైనా చెప్పాల్సి వస్తే చిట్టిని మధ్యలో పెట్టేవాడు. "పిన్నికి కూర కావాలేమో అడుగమ్మా" అనేవాడు. నేను జోకులు వేసి చూశాను. నా జోకులు ఎప్పుడూ బాగుండవు. ఒకసారి భోజనాల దగ్గర ఉండబట్టలేక అనేశాను.

"నేనీ ఉద్యోగం మానేస్తాను బావా."

"ఎందుకండీ? బాగా చెప్తారని అందరూ అనుకుంటున్నారుగా."

అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. వడ్డిస్తున్న అక్క చెయ్యి గాల్లో ఆగిపోయింది.

కొన్నాళ్ళకి, మళ్ళీ పట్టిన ముసురులో ఎంతకీ ఆరని బట్టలు కిటికీ దగ్గర మడతపెడుతూ అక్క అడిగింది. "మీ ఆసుపత్రి వెనక ఆడవాళ్ళ హాస్టల్లో గదులున్నాయంటగా?"

"ఉన్నాయక్కా."

"నిన్ను పొమ్మనడం లేదే."

"తెలుసు."

"నువ్వు లేనప్పుడు కాస్త నవ్వుతున్నాడే. మామూలుగా ఉంటున్నాడు. నువ్వు మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించగానే..." అక్క నా రవిక మడత విప్పి మళ్ళీ మడిచింది. "నీ తప్పేం లేదు. ఆయన తప్పూ లేదు. మరి నేనేం చెయ్యను? చెప్పు."

మిగిలిన తడిబట్టలు ఇద్దరం కలిసి మడతపెట్టాం. తను ఏడవలేదు. నేను ఏడిస్తే తనూ ఏడుస్తుందని నేనూ ఏడవలేదు.

నా పెట్టె బావే మోసుకొచ్చాడు. గదిలో దించి, కిటికీ గడియ పడుతోందో లేదో చూశాడు. పడకపోతే జేబులోంచి చెంచా తీసి దాని కాడతో మర బిగించాడు. కుళాయి తిప్పి చూశాడు. ఇక చూడ్డానికేమీ లేకపోతే గుమ్మం దగ్గర చేతులు తుడుచుకుని, "మీ అక్క ఆదివారం రమ్మంది" అని వెళ్ళాడు.

వానలు పూర్తిగా వెనకబట్టాక ఒక ఆదివారం వెళ్ళాను. చేతిలో పళ్ళ సంచి. మెట్ల మలుపులోనే వినిపించింది. బావ ఆసుపత్రి లిఫ్టులో పలికే ఆడగొంతుని అనుకరిస్తున్నాడు. "తలుపులు మూసుకొనుచున్నవి. లావుగా ఉన్నవారు దిగి నడచి వెళ్ళవలెను" అంటున్నాడు. చిట్టి పడీపడీ నవ్వి దగ్గులోకి దిగింది. "చాలు బాబూ, చాలు, పొట్ట నొప్పెడుతోంది" అంటోంది అక్క. ఆ గొంతులో అంత తేలిక విని ఎన్నాళ్ళయిందో. అక్కడే నిలబడిపోయాను. తిరిగి వెళ్ళిపోదామనిపించింది. కిందింటావిడ బయటికొచ్చి, "ఏమ్మా, తలుపు తియ్యడం లేదా?" అంది. ఇక తప్పక పైకెక్కి గంట నొక్కాను.

లోపల నిశ్శబ్దమైంది. చిట్టి తలుపు తీసి, "పిన్నీ!" అని నడుం చుట్టేసుకుంది.

బావ కిటికీ దగ్గర కుర్చీలో, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే కాళ్ళు దించాడు. చెప్పుల కోసం వెతుక్కున్నాడు. లేచి నిలబడి, కుర్చీ నా వైపు జరిపాడు. అక్క పళ్ళకి గిన్నె తేవాలన్నట్టు వంటింట్లోకి తిరిగింది.

నేను మంచం మీద కూర్చున్నాను. ఆయన గోడకి చెయ్యి ఆనించి నిలబడే ఉన్నాడు.

"కూర్చో బావా" అన్నాను.

అప్పుడు కూర్చున్నాడు, కుర్చీ అంచు మీద.